పిలవడానికో చెవి

ఆ పీట ఇటు లాక్కో అమ్మా. ఇంకొంచెం. ఫ్యాను తిరగట్లేదు, కరెంటు ఎప్పుడొస్తుందో ఆ పైవాడికే తెలీదు. వీధిలో మోటారుసైకిళ్ళ మోతకి నా గొంతు నీ దాకా రాదు. ఆఁ, అలాగ. చెవి ఇటు పెట్టు. ఇది చెవి గురించిన కథే.

మన తాకేటాలో, వంతెన దిగీసేక రెండో సందులో సూరమ్మ ఇల్లు. వాళ్ళ తాతలు బారువ రేవులో ఓడెక్కి రంగం, అదే ఈ బర్మా రంగూను, వచ్చి, మరి వెనక్కి ఎళ్ళనోళ్ళు. మొగుడు పోయేక సూరమ్మ బజారు మొదట్లో మూకుడు పెట్టుకుని శనగపప్పు వడలు వేసేది. ఒక్కడే కొడుకు, హరి. కోడలు నాగదేవి ఊళ్ళోనే లమ్మడా పేటలో ఎండు చేపల టోకు దుకాణంలో రొయ్యలు ఏరే పనికి వెళ్ళేది. చెంపలకి బర్మావాళ్ళలాగ తనకా చెక్క గంధం పూసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని బస్సెక్కే పిల్ల. మాట తక్కువ, చెయ్యి చురుకు.

హరి పని సముద్రంలో. దక్షిణాన మేక్ రేవు దాటేక దీవులున్నాయి కదా, అక్కడ పడవ మీద గాలి మిషను పెడతారు. దానికో పొడుగాటి గొట్టం. ఆ గొట్టం నోట కరుచుకుని అడుక్కి దిగుతారు. దిగి రాళ్ళకి అంటుకున్న చెవినత్తల్ని తీస్తారు. పెద్ద హోటళ్ళలో అబలోన్ అంటారట. నత్తే, కానీ వానాకాలం గోడెక్కే నత్తలాంటిది కాదు. గుల్ల అచ్చం మనిషి చెవిలాగ బల్లపరుపుగా ఉంటుంది. అంచు పొడుగునా వరసగా బెజ్జాలు, మా అమ్మమ్మ చెవికి పై నుంచి కింద దాకా కుట్టించుకున్నట్టు. ఆ బెజ్జాల్లోంచే ఊపిరి తీస్తుందట. గుల్ల తిప్పితే లోపలంతా నెమలికంఠం రంగులు. అడుగున ఒకటే కాలు, మెత్తగా, అరచెయ్యిలాగ.

హరి చెప్పేవాడు. "అమ్మా, దాన్ని ముట్టుకున్నట్టు దానికి తెలీకూడదే. తెలిసిందా, రాయిని పట్టేసుకుంటాది. నీ బలం నా బలం కలిపినా ఊడదు. తెలిసేలోగా ఒక్క తోపు తొయ్యాల. అదీ కాలికి గాటు పడకుండా."

"పడితే ఏటౌతాదిరా?"

"మరి బతకదు. దాని రక్తం గడ్డ కట్టదే. చిన్న గాటైనా కారి కారి పోతాది."

"అయ్యో, కూసింత పసుపు అద్దరాదేటిరా?"

హరి పడి పడి నవ్వేడు. "సముద్రం అడుగున పసుపు డబ్బా ఎవడు పట్టుకెళ్తాడే!" అన్నాడు. నవ్వేడు గానీ, వద్దని మాత్రం అనలేదు. ఈ సంగతి గుర్తెట్టుకో, ముందు ముందు పని పడుతుంది.

రాను రాను హరికి ఆ పని మీద మనసు విరిగింది. ఒకప్పుడు పాటు తీసి సముద్రం వెనక్కెళ్తే మోకాలిలోతు నీళ్ళలోనే కనబడేవట. తర్వాత ఎంత లోతు దిగినా బోడి రాళ్ళే. "నాలుగు వేళ్ళ వెడల్పు లేని పిల్లల్ని కూడా ఒదలట్లేదే. గుడ్డు పెట్టే ఈడు రాకముందే ఎండేసీస్తున్నారు. నానూ అదే చేసినాను" అని తల దించుకునేవాడు. ఆఖరికి, తియ్యడం మాని పెంచుతానన్నాడు. ఎక్కడా? తాకేటాలో! సముద్రం ఎక్కడ, తాకేటా ఎక్కడ!

పెరటి పాకలో నీలం ప్లాస్టిక్ తొట్టి పెట్టేడు. అడుగున బోర్లించిన పెంకులు పరిచేడు, పగలు వాటికి చీకటి కావాలట. పాత కారు బ్యాటరీకి చిన్న మోటారు తగిలించి నీళ్ళలోకి గాలి పెట్టేడు. పంపు నీళ్ళు పోస్తే చస్తాయి కాబట్టి చేపల లారీలో పీపాలతో ఉప్పునీళ్ళు వచ్చేవి, తడిగోనెలో ఎర్రనాచు వచ్చేది. లారీ మీద తెచ్చేవాడు సోయ్ విన్, హరితో పాటే పడవ మీద పని. వాళ్ళమ్మ మన మనిషే, నాన్న బర్మా ఆయన. తెలుగు అర్థమౌతుంది గానీ నోరు తిరగదు.

పక్కింటి వెంకటరత్నమ్మ ఊరుకుంటుందా! గోడ మీంచి తొంగి చూసి, "ఏటి సూరమ్మప్పా, నీ కొడుకు తొట్టిలో చెవులు పెంచుతున్నాడట? ఈ బుద్ధి ముందే పుట్టుంటే మీ ఆయనకి రెండు అతికించుదువు. బతికున్నన్నాళ్ళూ నీ మాట విన్నాడు కాదు" అనేది.

"ఆయనకి ఉన్న రెండూ బాగానే ఉండేవే. నీ నోరు అడ్డం పడీసి నా మాట ఆయన దాకా ఎళ్ళేది కాదు" అనేది సూరమ్మ.

తొట్టిలో అన్నిటికన్నా పెద్దది ఒకటుండేది, ఆడది. గుల్ల కొంచెం ఎత్తి చూస్తే కాలి పక్కన ఆకుపచ్చగా ఉన్నది ఆడది, మీగడ రంగున్నది మగది. సూరమ్మ ఆ పెద్దదానికి పెద్దకోడలని పేరెట్టింది. "ఒలే నాగా, పెద్దకోడలు నాచంతా ఊడ్చీసిందే. నువ్వేమో గుప్పెడన్నం తిని లేచిపోతావు. దాన్ని చూసి నేర్చుకో" అనేది. నాగదేవి మూతి ముడిచినట్టు నటించి, "దానికి వడలు వెయ్యడం నేర్పించత్తా, నాను తొట్టిలో పడుకుంటాను" అనేది. హరి ఇద్దరి మధ్యా కూర్చుని నవ్వేవాడు. పిల్లలు లేని ఇల్లమ్మా అది. ఆ తొట్టి చుట్టూ చేరి ముగ్గురూ సంబరపడేవారు.

వానలు పట్టేముందు హరి పెద్దకోడలిని ఎత్తి చూసి, నిండుగా ఉందన్నాడు. అమావాస్యకి అటో ఇటో గుడ్లు నీళ్ళలోకి వదులుతుందట. కంటికి కనబడనంత పిల్లలు కొన్నాళ్ళు తేలి తేలి, ఏ పలక మీదో వాలి నత్తలౌతాయట. "మగవి చాలవు. ఈ ఒక్క మాటు ఎళ్ళి నాలుగు మగవి తెస్తాను. మరి దిగను, ఒట్టు" అన్నాడు. తల్లి చేతిలో చెయ్యేసి వెళ్ళేడు.

లారీ వచ్చింది. పీపాలు దింపేరు. సోయ్ విన్ తడిగోనె సంచీ గుండెకి అదుముకుని గుమ్మంలో నిలబడ్డాడు. సూరమ్మ అతని వెనక్కి చూసింది. ఇంకా వెనక్కి చూసింది.

"సంచీ పైకొచ్చింది పెద్దమ్మా" అన్నాడు బర్మా మాటల్లోనే. "హరి తాడుకి కట్టి పంపేడు. సంచీ వచ్చింది. గొట్టం వచ్చింది. హరి రాలేదు."

మిషను దగ్గి ఆగిందట. మళ్ళీ తిప్పేలోపు కింద నీటి లాగుడు ఎటు తీసుకుపోయిందో. పడవలన్నీ కలిసి దీవుల చుట్టూ వెతికేయి. సముద్రం ఇవ్వలేదు.

సూరమ్మ అక్కడే కూలబడింది. నాగదేవి ఏడవలేదు. సోయ్ విన్ చేతిలో సంచీ తీసుకుని పెరట్లోకెళ్ళి, ఆ మగవాటిని ఒక్కొక్కటే తొట్టిలో పెంకుల మీద పెట్టింది. పొడిబారితే చచ్చిపోతాయి కదా. అప్పట్నుంచి పనికెళ్ళొచ్చి నీళ్ళు మార్చడం, నాచు వెయ్యడం, బ్యాటరీ చూసుకోవడం. అందరూ రాయిలాంటిదన్నారు. రాయిని పట్టుకున్న నత్త అని ఎవరూ అనలేదు.

మనవాళ్ళకి కర్మలు చేయించే పెద్ద వాసుదేవరావు గారు వచ్చి నెమ్మదిగా కదిపేరు. "శరీరం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తామమ్మా. లేకపోతే వాడు ఎటూ కాకుండా తిరుగుతాడు."

"దింపుడు కళ్ళం మాటో?" అంది సూరమ్మ.

నీకు తెలుసో తెలీదో. మనవాళ్ళు పాడె మోసుకెళ్ళేటప్పుడు దారిలో ఒకచోట దింపుతారు. అయినవాళ్ళు పోయినోళ్ళ చెవి దగ్గర నోరు పెట్టి ముమ్మాటు పేరెట్టి పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా దాక్కుని ఉంటే పలుకుతుందని. పలకరు. కానీ పిలుస్తారు. పిలిస్తేనే, పలకలేదని మనసుకి తెలిసేది.

"బొమ్మనీ అలాగే దింపుతామమ్మా" అన్నారాయన.

"దింపి? గడ్డికి చెవేదయ్యా? నా కొడుకుని నాను ఎందులో పిలవాల?"

సూరమ్మ వీల్లేదంది. అక్కడితో కర్మ ఆగిపోయింది.

ఓ మధ్యాహ్నం. నాగదేవి లమ్మడా వెళ్ళింది. కరెంటు లేదు, వీధి నిద్రపోతోంది, పెరట్లో బ్యాటరీ మోటారు ఒక్కటే బుడబుడమంటోంది. సూరమ్మ నాచు వేద్దామని తొట్టి దగ్గర కూర్చుని ఓ పెంకు ఎత్తింది. దాని అడుగున అంటుకుని పెద్దకోడలు. ఎన్నిసార్లు చూసిందో దాన్ని, కానీ ఆ పూట మరోలా కనబడింది. చెవి! వాడి చేత్తో తెచ్చిన చెవి. వాడు మునిగిన నీళ్ళలోనే పుట్టిన చెవి. ఇన్నాళ్ళూ చెవి లేదు లేదని ఏడ్చింది, ఇంటి వెనకే పెట్టుకుని!

నోటి దగ్గర పెట్టుకుని పిలవాలనుకుంది. ముందు వేలితో మెల్లిగా తట్టింది, పసిబిడ్డని లేపినట్టు. మళ్ళీ తట్టింది. ఆ తట్టడమే చేటయ్యింది తల్లీ. దానికి తెలిసిపోయింది, పెంకుని పట్టేసుకుంది.

"ఒక్క మాటే అమ్మా. చెప్పీసి పెట్టీస్తాను. నీ మొగుడి మీద ఒట్టు, ఏటీ చెయ్యను" అని బతిమాలింది. లాగింది. రాలేదు. వంటింట్లోంచి కొబ్బరి తీసే చాకు తెచ్చి అంచున దూర్చింది. ముసలి చెయ్యి, చాకు జారింది. ఊడి వచ్చింది గానీ, కాలు అడ్డంగా తెగింది.

ఎర్రటి రక్తం రాలేదు. పల్చగా, నీలపునీళ్ళలాగ కారింది. అరచేతిలో ఆ కాలు ముడుచుకుని విప్పుకుని, పట్టుకోవడానికి రాయి వెతుక్కుంది. సూరమ్మకి కొడుకు నవ్వు గుర్తొచ్చింది. నవ్వేడు గానీ వద్దనలేదు కదా. పరిగెత్తుకెళ్ళి పసుపు డబ్బా తెచ్చింది. మన చెయ్యి తెగితే ఏం చేస్తాం? పిల్లాడి మోకాలు చీరుకుంటే ఏం చేస్తాం? అదే చేసింది. గాయం నిండా పసుపు అద్ది, తొట్టిలో పెట్టింది. పెట్టగానే కొట్టుకుపోయింది. ఇంకొంచెం అద్దింది. అదీ పోయింది. అప్పుడు డబ్బాలో ఉన్నదంతా నీళ్ళలో కలిపీసింది, అన్ని వేపులనుంచీ పట్టాలని.

ఇంత చేసి, పిలవడం మర్చిపోయింది. వాడి పేరు నోట్లోంచి రానేలేదు.

పొద్దు వాలుతుండగా నాగదేవి వచ్చింది. పాకలో అడుగు పెట్టి నిలబడిపోయింది. తొట్టినిండా పెళ్ళికూతురి స్నానం నీళ్ళలాగ పసుపు. పెంకులు పట్టుకుని ఉండవలసినవన్నీ ఊడి, అడుగున కాళ్ళు పైకెట్టి వెల్లకిలా పడున్నాయి. పక్కన చాకు. పక్కన అత్తగారు, మోచేతుల దాకా పసుపుతో.

నాగదేవి చీర ఎగదోపింది. మిగిలిన ఒక్క పీపా ఉప్పునీళ్ళూ బాల్టీల్లో పోసింది, ఒక్కొక్కదాన్ని కడిగి అందులో పెట్టింది, మోటారు ఇటు మార్చింది. ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. పెద్దకోడలి గుల్ల కింద ఆకుపచ్చదంతా అలాగే ఉంది, నిండుగా.

"తిట్టవే నాగా" అంది సూరమ్మ. "నోరారా తిట్టు. నీ మొగుడు ప్రాణం పెట్టి తెచ్చినవి. దాని చెవిలో ఒక్క మాట చెబుదారని పోయి, పసుపెట్టి చంపీసినాను."

నాగదేవి గుల్ల తీసి ఒళ్ళో పెట్టుకుంది. "దానికేటి చెప్పాలనుకున్నావత్తా?"

"వాడి పేరే. ముమ్మాటు. పిలిచీసి పెట్టీద్దారని..."

అప్పుడేడ్చింది నాగదేవి. సంచీ వచ్చిన నాడు ఏడవని పిల్ల, అందరూ రాయన్న పిల్ల, అత్తగారి పసుపు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. వెంకటరత్నమ్మ గోడ మీంచి తొంగి చూసి, దిగి వచ్చి పక్కన కూర్చుంది.

ఆ వారమే దర్భబొమ్మ కట్టేరు. నాగదేవి రెండు గుల్లలు తోమి తోమి కడిగింది. ఒకటి పెద్దకోడలిది, ఒకటి ఆఖరి సంచీలో వచ్చినది. బొమ్మ తలకి అటొకటి ఇటొకటి దారంతో కట్టింది.

వాసుదేవరావు గారు ఇబ్బందిపడ్డారు. "శాస్త్రంలో ఇలాటిది లేదమ్మా."

సోయ్ విన్, గారు అనడానికి బర్మా మాటలో ఊ చేర్చి, వచ్చీరాని తెలుగులో అడిగేడు. "శాస్త్రంలో తాకేటా ఉందా, ఊ వాసుదేవరావ్?"

ఆ ఏడుపులోనే నలుగురం నవ్వేం. ఆయనా నవ్వి, కళ్ళు తుడుచుకుని, "కానియ్యండి" అన్నారు.

పజుందాం వాగు గట్టున పాడె దింపేరు. పాటు తీస్తోంది, బురద బయటపడుతోంది. నాగదేవి అత్తగారిని నడిపించుకొచ్చి కూర్చోబెట్టి, "పిలు అత్తా" అంది. సూరమ్మ వంగి, ఆ నెమలికంఠం రంగుల దగ్గర నోరు పెట్టింది.

"హరీ."

ఆగింది.

"ఒరే హరీ."

వంతెన మీద బస్సు పోయింది.

"నాన్నా హరీ... నాను రా, అమ్మని."

చెవి పెట్టి విన్నాది. చాలాసేపు విన్నాది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆఖరికి లేచి, కొంగు దులుపుకుని, తనే అంది, "ఎత్తండి."

దర్భలు గబగబా కాలిపోయేయి. గుల్లలు కాలలేదు. నాగదేవి వాటిని బూడిదలోంచి తీసి, పాటుతోపాటు వెళ్ళమని వాగులో వదిలింది. నీలం తొట్టి ఇప్పటికీ పాకలో బోర్లించే ఉంది. సూరమ్మ మళ్ళీ మూకుడు పెట్టింది. సంగతి తెలీని పాత బేరగాళ్ళెవరైనా వడలు కట్టించుకుంటూ, "అబ్బాయి ఏడీ?" అనడిగితే చెరుగు అడ్డం పెట్టుకోదు. ఇప్పుడు వడ తిప్పుతూనే చెప్తాది, "పిలిచేను. పలకలేదు" అని.

అదమ్మా సంగతి. నా తరవాత దీన్ని చెప్పేవాళ్ళు ఉండరు. నువ్వు విన్నావు కదా, మనసులో పెట్టుకో. నీ పిల్లలకి చెప్పు. తెలుగు తిరక్కపోతే బర్మా మాటల్లోనే చెప్పు, ఏం తప్పు లేదు. వాడి పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం కాసేపు ఆగి, మనం పిలిచినట్టు పిలు. నాకు వినబడేలాగ ఒక్కమాటు అను చూద్దాం.