డెబ్భై రెండు కేజీలు

"బాబాయ్, ఊపిరి మెల్లగా," అన్నాడు యుగంధర్ కారు కిందనుంచి.

త్రిమూర్తులు ఊపిరి మెల్లగానే తీస్తున్నాడు. వీపు సీటుకి ఆనించి, స్టీరింగు మీద చేతులు రెండూ చెరో పక్కా పెట్టి, ఎదురు గోడలో తిరుగుతున్న ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల్ని చూస్తూ కూర్చున్నాడు. పొద్దున్న తొమ్మిదిన్నరకే ఇది మూడో కారు. ర్యాంపు మీదకెక్కించిన కారులో కూర్చుంటే కిందవాళ్ళ నడినెత్తులు కనిపిస్తాయి. నలభై ఏళ్ళయినా నిండకుండానే యుగంధర్‌కి నడినెత్తి పల్చబడుతోందని వాళ్ళావిడ కన్నా ముందు తెలిసింది త్రిమూర్తులుకే. ఎవరికీ చెప్పలేదు.

చెప్పని సంగతి ఇంకొకటి కూడా ఉంది. అది చొక్కా లోపల, బొడ్డు చుట్టూ, ఎనిమిది కేజీల బరువుతో వేళ్ళాడుతోంది.

ధవళేశ్వరం రోడ్డులో ఆ షాపు పెట్టి ముప్ఫై నాలుగేళ్ళు. 'ఇచ్చట మనిషి బరువుతో వీల్ ఎలైన్‌మెంట్ చేయబడును' అని బోర్డు. యుగంధర్ తండ్రి, అందరూ పెద్దాయన అనే ఆయన, బతికున్నన్నాళ్ళూ ఒకటే మాట చెప్పేవాడు: ఖాళీ కారు రోడ్డు మీద తిరగదు. నడిపే మనిషి కూర్చోగానే కారు కుడి పక్కకి కాస్త కుంగుతుంది. అలా కుంగినప్పుడు చక్రాలు తిన్నగా ఉండాలి గాని, ఖాళీగా ఉన్నప్పుడు తిన్నగా ఉండి ఎవరికి లాభం?

మొదట్లో కారు తెచ్చినవాళ్ళనే కూర్చోబెట్టేవాడు. కారున్నవాళ్ళకి కుదురుండదని ఆయనకి వారం రోజుల్లో అర్థమైంది. ఒకాయన కింద ఏం చేస్తున్నారో చూద్దామని కిటికీలోంచి సగం బయటికొచ్చేసేవాడు. ఇంకొకాయన ఎడం పక్కకి ఒరిగి గుర్రుపెట్టాడు. సరిగ్గా అప్పుడే, ఇరవయ్యారేళ్ళ త్రిమూర్తులు మెకానిక్కు పని నేర్చుకుంటానని చేరాడు. ఏడాది తిరిగినా పధ్నాలుగో నంబరు స్పానరుకీ పదిహేడుకీ తేడా పట్టుబడలేదు. విసుగెత్తి ఓ రోజు "పోయి ఆ కార్లో కూర్చో" అన్నాడు పెద్దాయన. కూర్చున్నాడు. నలభై నిమిషాలు. ముక్కు మీద ఈగ వాలి, తిరిగి, దానంతటది విసుగేసి లేచిపోయింది గాని త్రిమూర్తులు కదల్లేదు.

"దేవుడు నీకు ఒక్కటే ఇచ్చాడురా," అన్నాడు పెద్దాయన. "అయితే మాత్రం, అది ఈ రాజమండ్రిలో ఇంకెవడికీ ఇవ్వలేదు."

ఆ సాయంత్రమే పక్కనున్న పాత ఇనప సామాన్ల కొట్లో కాటా మీద నిలబెట్టాడు. డెబ్భై రెండు. ఎర్ర రంగుతో షాపు గోడ మీద రాయించాడు: 'మనిషి = 72 కేజీలు'. అప్పట్నించీ ఆ షాపులో మనిషంటే త్రిమూర్తులు, త్రిమూర్తులంటే డెబ్భై రెండు. తర్వాత కెమెరాల మిషనొచ్చింది, టీవీ అంత తెర వచ్చింది. సీట్లో మనిషి మాత్రం మారలేదు.

ఆ అంకెని కాపాడ్డం చిన్న పనేం కాదు. భార్య సూర్యకళ రెండు పూటలా అన్నం గిన్నెతో కొలిచి పెట్టేది. పెళ్ళిళ్ళలో రెండో బొబ్బట్టు వేయబోతే విస్తరికి చెయ్యడ్డం పెట్టేవాడు. పూతరేకులకి మాత్రం బరువుండదని ఎన్నయినా తినేవాడు. ఓ ఏడాది అయ్యప్ప మాల వేసుకుంటానంటే పెద్దాయన ససేమిరా అన్నాడు. "నలభయ్యొక్క రోజులు నువ్వు ఒంటిపూట తింటే ఊళ్ళో కార్లన్నీ ఏమైపోవాలి?" అయ్యప్పస్వామి కూడా అర్థం చేసుకునే ఉంటాడు.

"మా ఆయన కూర్చుని సంపాదిస్తారండి," అని ఇరుగుపొరుగు అమ్మలక్కలతో నవ్వకుండా చెప్పేది సూర్యకళ.

ముప్ఫై నాలుగేళ్ళు. ఎన్ని కార్లెక్కాడో లెక్కలేదు. డాక్టర్ల కార్లు, కాంట్రాక్టర్ల కార్లు, కొత్తజంటలకి మావగార్లు కొనిచ్చిన కార్లు. డ్రైవరు సీట్లో కాకుండా వేరే ఏ సీట్లోనూ కూర్చోలేదు. ఒక్కటీ కదల్లేదు. సాయంత్రం షేర్ ఆటోలో వెనక చెక్క మీద వేళ్ళాడుతూ ఇంటికి పోయేవాడు.

వినాయక చవితి ఉండ్రాళ్ళ దగ్గర మొదలైంది. మింగుడు పడలేదు. తర్వాత అన్నమూ అంతే, మూడు ముద్దలకే కడుపు నిండిపోయినట్టుండేది. దసరాకి ఇనప కొట్టు కాటా అరవై రెండు చూపించింది. దీపావళికి ఏభై ఆరు. ఆస్పత్రిలో డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, చూపు దించేసుకుని, ముందే రావలసిందన్నాడు. త్రిమూర్తులు ఇంటికొచ్చి గ్యాసన్నారని చెప్పాడు. సూర్యకళ నమ్మలేదు, కాదనీ అనలేదు.

"నడుముకి కట్టుకునే సంచి ఒకటి కుట్టిపెడతావా? గట్టిగా ఉండాలి. సీసం వేస్తాను," అన్నాడో రోజు.

ఎందుకని అడగలేదు. అడిగితే ఆయన చెప్పాల్సొస్తుందని ఆవిడకి తెలుసు. సీసం కోసుకుపోతుందని గోనెగుడ్డ రెండు పొరలు వేసి, ఒంటికి ఒరుసుకోకుండా లోపలివైపు తన పాత నేతచీర ముక్క పెట్టి కుట్టింది. చక్రాల బ్యాలెన్సింగుకి అంచులకి కొట్టే సీసం బిళ్ళలుంటాయి. పాతవి ఊడదీసి షాపు మూల బకెట్లో పారేస్తారు. రోజూ గుప్పెడు చొప్పున అవి సంచీలోకి చేరాయి. ఎనిమిది కేజీల దగ్గర ఆగిపోయింది. అంతకన్నా మోస్తే ర్యాంపు మెట్లెక్కలేకపోతున్నాడు.

అక్కడే కార్లు తిరిగిరావడం మొదలైంది.

రెండు నెలల్లో పదకొండు. అన్నిటికీ ఒకటే జబ్బు, కుడికి లాగడం. తేలిక మనిషిని కూర్చోబెట్టి సరిచేసిన కారులో మామూలు మనిషి కూర్చుంటే కుడి పక్క ఎక్కువ కుంగక ఏం చేస్తుంది? యుగంధర్ విజయవాడ నుంచి మిషను కంపెనీ మనిషిని రప్పించాడు. కెమెరాలు విప్పి బిగించారు. ర్యాంపు కింద సిమెంటు పగలగొట్టి మళ్ళీ పోయించారు. చివరికి దిష్టి తగిలిందని గుమ్మానికి నిమ్మకాయలు కట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టారు. సీట్లో కూర్చున్న మనిషి వైపు మాత్రం ఎవరూ చూడలేదు. మనిషంటే డెబ్భై రెండు కేజీలని గోడ మీద రాసే ఉంది కదా.

త్రిమూర్తులుకి తెలుసు. ప్రతి కారూ తిరిగొచ్చినప్పుడల్లా రేపు చెప్పేద్దామనుకునేవాడు. చెబితే యుగంధర్ తిట్టడు, పని మానిపించానని కూడా అనడు. "ఇంటి దగ్గర రెస్టు తీసుకో బాబాయ్" అంటాడు. ఆ మాట వినాల్సొస్తుందనే ఆయన భయం.

పదకొండు గంటలకి సత్యకుమారి టీచరుగారి చిన్న తెల్లకారు వచ్చి ఆగింది. ఆవిడ ఆనకట్ట దాటి ఆత్రేయపురం అవతల ఓ బడిలో లెక్కలు చెబుతుంది. దిగడంతోనే తలుపు ధడేల్మని వేసింది.

"యుగంధర్ గారూ, ఇది మూడోసారండీ. మా పిల్లలకి ఒకే లెక్క మూడోసారి తప్పొస్తే గోడకుర్చీ వేయిస్తాను. మీకేం వేయించమంటారు?"

"మళ్ళీ లాగుతోందా అండీ?"

"కుడికి లాగేస్తోందండీ బాబూ. ఎడంపక్కకి లాగితే కాలవలో పడతాను, ఈతొచ్చు. కుడికి లాగితే ఎదురుగా ఇసుక లారీ. నిన్న బొబ్బర్లంక దగ్గర అద్దం పట్టుకుపోయాడు."

కుడి తలుపు మీద అద్దం ఉండాల్సిన చోట రెండు తీగలు వేళ్ళాడుతున్నాయి. త్రిమూర్తులు దగ్గరికెళ్ళి వాటిని వేలితో ముట్టుకున్నాడు. అక్కణ్ణుంచి నడిపే మనిషి మోచేతికి జానెడు దూరం. కొలిచి చూశాడు.

"మొన్ననే మిషను చూపించానండీ," అంటున్నాడు యుగంధర్ నీరసంగా. "ఏదో ఒకటి చేస్తాను. ఎక్కు బాబాయ్."

ఎక్కాడు. చేతులు పెట్టాడు. కింద స్పానరు చప్పుడైంది. కాసేపటికి తెర మీద గీతలన్నీ ఒక్కొక్కటే ఎర్రరంగు వదిలి పచ్చబడ్డాయి. ఇన్నేళ్ళూ ఆ పచ్చరంగు చూస్తే కడుపు నిండినట్టుండేది. కుడి పక్కకి చూపు తిప్పాడు. అద్దంలో తన మొహం సగం కనబడాలి. తీగలు కనిపించాయి.

"దాన్ని నమ్మకు బాబూ," అన్నాడు.

"దేన్ని?"

త్రిమూర్తులు కారు దిగాడు. ఆడమనిషి ఉందని గోడవైపు తిరిగి, చొక్కా బొత్తాలు విప్పి, ముళ్ళు ఊడదీసి, సంచిని సిమెంటు నేల మీద పెట్టాడు. మెల్లగానే పెట్టాడు గాని చప్పుడు గట్టిగా అయింది.

"ఎనిమిది కేజీలు. నేను ఏభయ్యొకటి. రెండూ కలిపినా పదమూడు తక్కువ బాబూ."

టీచరుగారు అలవాటుకొద్దీ మనసులోనే కూడింది. కూడాక ఆయన మెడ వైపు, చొక్కా కాలరులోపల ఖాళీగా ఉన్న చోటు వైపు చూసి, పర్సు పట్టుకుని నిలబడిపోయింది.

యుగంధర్ గొంతుక్కూర్చుని సంచి తెరిచాడు. ఓ బిళ్ళ తీసి చూసి మళ్ళీ లోపల వేశాడు.

"ఆ పదకొండు కార్లూ..."

"ఆయ్. అన్నీ నావల్లే."

"గుమ్మడికాయ కొట్టించాను కదయ్యా! మార్కెట్టు నుంచి మోసుకొచ్చిందే నువ్వు!"

"ఆయ్. మంచి కాయే తెచ్చాను."

యుగంధర్‌కి నవ్వొచ్చింది. మధ్యలో ఆ నవ్వు ఏదోలా అయిపోయి మొహం అటు తిప్పేసుకున్నాడు. "నాకు చెప్పొచ్చు కదా బాబాయ్."

"చెబితే ఇంటికెళ్ళి పడుకోమంటావు. నాకు కూర్చోడమొక్కటే వచ్చు బాబూ."

సత్యకుమారి పర్సు చంకన పెట్టుకుని ముందుకొచ్చింది.

"నేను డెబ్భై ఒకటిన్నరండీ," అంది. "ఈ అంకె మా ఆయనక్కూడా తెలీదు. మీ ఇద్దరి దగ్గరే ఉండాలి. నేను కూర్చుంటాను, మీరు చెప్పండి ఎలా కూర్చోవాలో."

ముప్ఫై నాలుగేళ్ళలో త్రిమూర్తులుని పని నేర్పమని అడిగినవాళ్ళు లేరు. అదొక పనని అనుకున్నవాళ్ళూ తక్కువే. కిటికీ పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, నెమ్మదిగా చెప్పాడు.

"స్టీరింగుని పట్టుకోకండమ్మా. చేతులు దానిమీద పెట్టుకోండంతే. ఊపిరి బిగబట్టకండి, మెల్లగా తియ్యండి. ఎదురుగా ఏదైనా కదిలేదాన్ని చూడండి. అదిగో, ఆ ఫ్యానుంది. అది కదులుతూ ఉంటే మనం కదలక్కర్లేదనిపిస్తుంది."

ఆవిడ చెప్పినట్టే కూర్చుంది. తెర మీద పచ్చగా ఉన్న గీతలు రెండు ఎర్రబడ్డాయి. యుగంధర్ కిందకి దూరి, పావుగంటకి బయటికొచ్చాడు.

"బాగా కూర్చున్నారమ్మా," అన్నాడు త్రిమూర్తులు. మెచ్చుకోలుగానే అన్నాడు.

"మిగతా పదిమందికీ ఇప్పుడే ఫోన్ చేసి పిలిపిస్తాను," అన్నాడు యుగంధర్ చేతులు తుడుచుకుంటూ. "రేపు పొద్దున్నే ఇంటికొస్తాను బాబాయ్. ఆస్పత్రికెళ్దాం. వద్దనకు."

"ఆయ్."

"వాళ్ళిల్లు నా దారిలోనే కదండీ, నేను దింపేస్తాను," అంది సత్యకుమారి.

త్రిమూర్తులు అలవాటు కొద్దీ కుడి తలుపు దగ్గరకెళ్ళి నిలబడ్డాడు.

"అటు కాదు బాబాయిగారూ, ఇటు. ఇవాళ నడిపేది నేను."

ఎడం సీట్లో కూర్చుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు రోడ్డెక్కింది. దుకాణాలు, కరెంటు స్తంభాలు, సైకిలు మీద కొబ్బరిబొండాల గెలలు, అన్నీ వెనక్కి పోతున్నాయి.

"కదుల్తోందమ్మా," అన్నాడు.

"కారు కదండీ మరి," అని నవ్వింది. వెనక సీట్లోని సంచీలో చెయ్యిపెట్టి ఓ జామకాయ తీసిచ్చింది. "తినండి. మా బడి చెట్టుది. పిల్లల కంటబడకుండా నేనే కోసేసుకున్నాను. టీచరు చెయ్యాల్సిన పని కాదనుకోండి."

తిండి మీదికి మనసు పోక నెలలైంది. మర్యాద కోసం కొరికాడు. తియ్యగా ఉంది. నమిలాడు, మింగాడు. దిగింది.

గట్టు రోడ్డు వచ్చింది. అవతల గోదావరి మీద పుష్యమాసపు ఎండ పరుచుకుని ఉంది. ఎదురుగా బళ్ళేవీ లేవు. సత్యకుమారి వేగం తగ్గించి, స్టీరింగు మీంచి రెండు చేతులూ ఎత్తేసింది.

"చూడండి బాబాయిగారూ."

కారు ఒక స్తంభం దాటింది. రెండు దాటింది. మూడు. ఎటూ ఒరగలేదు. దానికి ఎవరో దారి చూపిస్తున్నట్టు తిన్నగా పోతోంది.

"తిన్నగా పోతోంది కదూ?"

"ఆయ్," అన్నాడు త్రిమూర్తులు.

తర్వాత ఆవిడే మాట్లాడుతూ పోయింది. వాళ్ళాయన బదిలీ గురించి, తొమ్మిదో తరగతి పిల్లల గురించి, ఇవాళ సెలవు పెట్టినందుకు హెడ్మాస్టరుగారు ఏమంటాడో దాని గురించి. ఓ సారి పక్కకి చూసింది. ఆయన వీపు సీటుకి ఆనించి, ఎదురుగా చూస్తూ, బొమ్మలా కూర్చున్నాడు. అంత బాగా కూర్చోవడం తన వల్ల కాలేదనుకుంది. మళ్ళీ మాటల్లో పడింది.

ధవళేశ్వరంలో గట్టు దిగి యుగంధర్ చెప్పిన సందులోకి తిప్పి, "మీ ఇల్లెటండీ?" అని రెండుసార్లు అడగాల్సొచ్చింది. రెండోసారికి అరుగు మీద వడియాలు తిరగేస్తున్న సూర్యకళ తలెత్తింది. కారులో మొగుణ్ణి చూసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఏంటండోయ్, మొత్తానికి ఇవాళ కారు కదిలిందా?"

కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన భుజం తట్టింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా నడుము దగ్గరికి పోయి, సంచి లేని చోట తడిమింది.

"బరువు దింపేశారా," అంది, వినబడీ వినబడకుండా.

నలుగురు మగవాళ్ళు వచ్చారు గాని ఆయన్ని కారులోంచి ఎత్తడానికి ఇద్దరు సరిపోయారు. యుగంధర్ వచ్చేసరికి అరుగు నిండా మనుషులు. సాయంత్రం పొద్దువాలాక సత్యకుమారి వచ్చి కారు తలుపు తీసింది.

ఎడం సీటులో, ఆయన కూర్చున్న చోట ఇంకా చదును కాని గుంటలో జామకాయ ఉంది. ఒక్కటే పంటిగాటు, దాని అంచు చుట్టూ తెల్లటి కండ ఎర్రబడిపోయి.