చెప్పింది చెప్పినట్టు

"రాసుకో," అన్నాడాయన, పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుంటూ.

ఆదివారం ఉదయం పదిన్నరయిందంటే ఆ ఇంట్లో ఈ మాట వినపడాల్సిందే. ఆమె తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుని, పొయ్యి మీద కూరకి మంట తగ్గించి, కంప్యూటర్ ముందుకొచ్చి కూర్చుంటుంది. ఆయనకో బ్లాగుంది. పేరు 'ఒక అభిమాని ఆలోచనలు'. సినిమాలు, ఫుట్‌బాల్, రాజకీయాలు, రచన, ఈ నాలుగింటి మీదా ఆయనకి బోలెడు అభిప్రాయాలున్నాయి. లేనిదల్లా టైపు కొట్టే ఓపిక. "ఒక్క వేలితో పొడుస్తూ కూర్చుంటే ఆలోచన పారిపోతుంది. నీకైతే చెయ్యి తిరిగిన పని కదా," అంటాడు.

చెయ్యి తిరిగిన పనే. పద్దెనిమిదేళ్ళుగా ఆమె కోర్టులో స్టెనో. చేరిన కొత్తలో ఒక సాక్షి తడబడుతుంటే పాపమనిపించి, అతని మాటల్ని కాస్త చక్కదిద్ది రాసింది. జడ్జిగారు కాగితం చదివి, "ఆయన ఎలా అంటే అలాగే రాయమ్మా. నువ్వు బాగుచెయ్యకు," అన్నారు. అలా కోర్టులో బాగుచెయ్యలేకపోయిన మాటల దాహమంతా ఆదివారాలు తీర్చుకునేది.

"ఆ సినిమాలో ఆ అమ్మాయుంది చూడు, చివర్లో ఏదో చేస్తుంది, అది బాగా చేసింది," అని ఆయన చెప్తాడు. "చివరి సన్నివేశంలో నాయిక ఏడవదు. ఏడుపు మనకొదిలేసి తలుపు వేసుకుంటుంది," అని ఆమె రాస్తుంది. ఆ వాక్యాన్ని నలభై మూడు మంది మెచ్చుకున్నారు. ఆయన ఆ మెచ్చుకోళ్ళన్నీ వాళ్ళమ్మకి గట్టిగా చదివి వినిపించాడు. అత్తగారు మురిసిపోయి, "చిన్నప్పుడూ వీడంతే, నోరు తెరిస్తే ముత్యాలే," అని, కోడలి వైపు తిరిగి, "నీకేమమ్మా, కూర్చుని టకటకా కొట్టడమేగా," అంది.

ఆమెకి కోపమేమీ రాలేదు. నిజం చెప్పాలంటే అప్పట్లో లోలోపల సంతోషంగానే ఉండేది. తన వాక్యం ఆయన చొక్కా తొడుక్కుని ఊరంతా తిరిగొస్తోంది, పోనీలే, ఎవరి చొక్కా అయితేనేం అనుకునేది. ఆయన సోఫాలో గురకపెడుతుంటే గరిటె చేత్తో వంటింటి గుమ్మంలో నిలబడి ఆటలు ఆఖరి విజిలు దాకా చూసింది తనే. ఎన్నికల చర్చలన్నీ ఇస్త్రీ చేస్తూ విన్నది తనే. ఆయన చొక్కా కాలర్లలో ఒక్కో పార్టీ వాగ్దానాలు ఒక్కో మడతలో ఉండి ఉంటాయి. అదంతా ఆదివారం ఆయన మాటల సందుల్లో దూర్చేసేది. ఆయన ఎక్కడ ఆగాడో, తనెక్కడ మొదలైందో కొన్నాళ్ళకి ఆమెకే తెలియకుండా పోయింది. ఆయనకి మాత్రం అనుమానం లేదు. మొత్తం ఆయనే.

పోయిన నెల లైబ్రరీ వాళ్ళు ఆయన్ని 'రాయడమెలా' అన్న విషయం మీద మాట్లాడమని పిలిచారు. ముప్పై మంది దాకా వచ్చారు. ఆమె వెనక వరసలో ఆయన కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక స్కూలు టీచరు లేచి, "సార్, అంత పొదుపైన వాక్యం మీకెలా వస్తుంది?" అనడిగింది.

"రావడమేముందమ్మా! నేను నోటితో చెప్పేస్తాను. చెప్పింది చెప్పినట్టు పేజీ మీదికొచ్చేస్తుంది. మా ఆవిడ టైపు కొడుతుంది, అంతే. పాపం, తనకి ఈ ఆటలూ రాజకీయాలూ బుర్రకెక్కవు."

అందరూ నవ్వుతూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె కూడా నవ్వింది. పెట్టుకున్న నవ్వు ఎప్పుడు తియ్యాలో తెలియక బస్సెక్కేదాకా అలాగే ఉంచుకుంది. దవడలు నొప్పెట్టాయి. బస్సులో ఆయన "ఎలా మాట్లాడాను?" అని నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ "బాగా" అంది.

ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ "రాసుకో" అన్నాడు. ఆమె రాసుకుంది. ఎప్పటిలాగే ఆయన చదవకుండానే "పెట్టేసెయ్" అన్నాడు. ఆమె పెట్టేసింది. బ్లాగులో ఇలా వచ్చింది:

"నిన్నటి ఆటలో మనవాళ్ళు ఓడిపోవడానికి కారణం ఏంటంటే, నా కళ్ళజోడేది, ఇక్కడే పెట్టాను, నువ్వే ఎక్కడో సర్దుంటావు, ఆ, నెత్తి మీదే ఉంది. ఎక్కడున్నాం? కారణం. కారణం గోల్‌కీపర్. వాడి పేరేంటి? పొడుగ్గా ఉంటాడు. గోల్‌కీపర్ కాదండీ, ఎడమవైపు డిఫెండర్ జారిపడ్డాడు, మీరప్పుడు నిద్రపోతున్నారు. నిద్ర కాదు, కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నా. ఇక రాజకీయాలు. అమ్మా, ఆ టీవీ తగ్గించు. ప్రజలు చాలా తెలివైనవాళ్ళు. లేదా తెలివితక్కువవాళ్ళు. ఏది బాగుంటే అది పెట్టు. ఇంట్లో ఆడవాళ్ళ శ్రమని గుర్తించాలి అని కూడా ఒక ముక్క వెయ్యి, బాగుంటుంది. టీ ఏదీ?"

సోమవారం సాయంత్రం ఆయన బూట్లతోనే వంటింట్లోకి వచ్చేశాడు.

"ఏంటిది? ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచి మేనేజరు దాకా, కళ్ళజోడు దొరికిందా సార్ అంటున్నారు!"

"దొరికిందని కూడా రాశానుగా," అందామె.

"పరువు తీశావు!"

"ఒక్క అక్షరం కలపలేదండీ. ఒక్క అక్షరం తియ్యలేదు."

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ బాధ వేరు. "టీవీ తగ్గించమన్నాడని రాశావు, నేను తగ్గించనన్న సంగతి రాయలేదేం?"

"మీరు తల అడ్డంగా ఊపారంతే అత్తయ్యా. అది వినపడలేదు."

"ఈసారి నోటితోనే అంటాలే," అంది ఆవిడ.

ఆయన ఫోను తీసి, పరువు ఎంత పోయిందో చూపిద్దామని వచ్చిన వ్యాఖ్యలు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. రెండొందల పన్నెండు. "మీరు ఇన్నాళ్ళలో రాసిన వాటిలో ఇదే నిజం." "మా ఇల్లు మీకెలా తెలుసు?" మూడోది చదువుతుంటే గొంతు తగ్గింది. "డిఫెండర్ జారిపడ్డాడని చెప్పినావిడ ఎవరండీ? ఆవిడ్ని ఇంకాస్త మాట్లాడనివ్వండి." అక్కడ ఆపి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. బూట్లు విప్పడానికి బయటికి వెళ్ళాడు.

ఆదివారం పదిన్నరకి ఆయన పడక్కుర్చీ దాకా వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"ఈసారి కాస్త సర్ది రాయవోయ్," అన్నాడు మెల్లగా.

"సర్దడమంటే?"

"అదే... ఎప్పుడూ నువ్వు రాసేట్టు."

అన్నాక గానీ తనేమన్నాడో ఆయనకి తెలియలేదు. తెలిశాక కిటికీ వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా ఆ మాట వినాలని ఉందని ఆమెకీ అప్పటిదాకా తెలియదు. గెలిచినట్టుంటుందనుకుంది. అలా ఏమీ లేదు. ఆకలిగా మాత్రం ఉంది, చాలాసేపు పని చేశాక వేసే ఆకలి.

కుర్చీ ముందుకి లాక్కుంది. కొత్త పేజీ తెరిచింది.

"కూర కింద మంట ఎక్కువుంది. కాస్త కలుపుతూ ఉండండి," అంది.

ఆయన కదల్లేదు. ఆమె వేళ్ళు కదిలాయి. తనింకా నోరు విప్పకముందే తెర మీద అక్షరాలు పడుతుంటే ఆయన వింతగా చూశాడు.

"నేనింకా ఏమీ చెప్పలేదుగా. ఏం రాస్తున్నావు?"

"అయ్యాక మీరూ చదువుదురు గాని," అందామె, తల తిప్పకుండా.