పెట్టెకు కట్టిన ముడుపు

మా ఆయన జయరామ తన నీడను తానే నమ్మడు. అలాంటి మనిషికి పెట్రోలుతో నడిచే ఒక పాత లారీ, దాన్ని తోలడానికి సొంత తమ్ముడు మురళి. తమిళనాడులోని మా ఇండూరు నుంచి ధర్మపురి మార్కెట్టుకు టమాటాలు తోలేవాళ్లు. ఎండలు ముదిరాక ఆ లారీ దారిలో సోగత్తూరు దగ్గర ఆగిపోయేది. ఇంజను చల్లబడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదిలేది. "ఇంకోసారి ఆగితే తాళం ఇచ్చేసి పో" అన్నాడు మా ఆయన. మురళికి ఆ లారీ తప్ప వేరే బతుకుతెరువు లేదు.

మెకానిక్ మణివణ్ణన్ బానెట్ ఎత్తి చూశాడు. ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే మాడ్యూల్ అనే చిన్న పెట్టె ఇంజనుకు ఆనుకుని ఉందనీ, ఆ వేడికే పని మానేస్తోందనీ చెప్పాడు. దాన్ని విప్పి, వైర్లు పొడుగు చేసి, ముందువైపు గాలి తగిలేచోట అల్యూమినియం రేకు మీద బిగించాడు. ఇక లారీ ఎక్కడా ఆగలేదు.

మా ఆయన మొహం మాత్రం మాడిపోయింది. "కంపెనీవాడు పెట్టిన చోటు నుంచి వీడెందుకు మార్చినాడు? మంచి పెట్టె కొట్టేసి పాతది పెట్టింటాడు. మురళికీ వాటా ఉంటాది."

"వాటా ఏమి, ఆ రేకులోనా?" అన్నాను. వింటేగా!

మర్నాడు ఆ పెట్టెకు పసుపుగుడ్డ మడతలు మడతలుగా చుట్టి, లోపల రూపాయి బిళ్ల పెట్టి, వెంకటరమణస్వామికి ముడుపని చెప్పి ముళ్లు బిగించాడు. ముడుపును కట్టినవాళ్లే విప్పాలి, ఇంకెవరూ చెయ్యి వేయరు. దొంగల భయానికి స్వామినే కాపలా పెట్టాడన్నమాట.

"అన్నా, దానికి గాలి తగలాల. ఆ గుడ్డ తీసెయ్" అన్నాడు మురళి.

"చూసినావా ధనలక్ష్మీ, విప్పేదానికి వీనికెంత తొందరో" అన్నాడు మా ఆయన నాతో, తమ్ముడు వింటుండగానే. మురళి తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమే లారీ మళ్లీ ఆగింది. టమాటాలు ఎండకు నీరుకారిపోయాయి. "కావాలనే నిలిపినాడు" అని వీధంతా వినేలా అరిచి, మా ఆయన తాళం లాక్కున్నాడు. మురళి మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

మరుసటి లోడు మా ఆయనే తోలాడు. పక్కన నేను కూర్చున్నాను. సోగత్తూరు దాటకముందే ఇంజను ఆగింది.

"ఇప్పుడెవరు నిలిపినారు?" అన్నాను.

"ఆ మెకానిక్‌తో కలిసి ముందే ఏమో చేసిపెట్టినాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. కిందికి దిగి, స్వామికి లెంపలు వేసుకుని, ఆ ముళ్లన్నీ నేనే విప్పేశాను. పెట్టె పెనంలా కాలుతోంది. కాసేపు గాలికి వదిలాక లారీ కదిలింది. మార్కెట్టుకు పోయేటప్పుడూ ఆగలేదు, తిరిగి వచ్చేటప్పుడూ ఆగలేదు.

ఇంటికి రాగానే తాళం తీసుకుపోయి మురళి ముందు పెట్టాడు. మురళి అప్పటికే బట్టలు సర్దుకుంటున్నాడు, హోసూరులో కట్టడం కూలికి పోవడానికి.

"నువ్వే విప్పేసింటే పోయేది కదరా" అన్నాడు మా ఆయన.

"స్వామికి కట్టింది కదన్నా. విప్పితే నీకేమన్నా అవుతాదని భయపడినాను" అన్నాడు మురళి. తాళం మాత్రం ముట్టుకోలేదు. "వద్దులే. రేపు టైరు పంక్చరైనా నేనే మేకు కొట్టినాననుకుంటావు."

మా ఆయన తాళం తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు. మురళి నాకు చెప్పి బస్సెక్కాడు.