కెమెరా అంటే భయపడే మేడం

మైత్రీవనం వెనక గల్లీలో, రెండో అంతస్తులో నా కోచింగ్ సెంటర్. స్కైప్ ఇంటర్వ్యూలకు ధైర్యంగా ఎలా కూర్చోవాలో నేర్పుతాను. "కెమెరా ఏం కరవదు" అని రోజూ గొంతు చించుకునే నేను, సెంటర్ ఫేస్‌బుక్ పేజీలో నా ఫోటో పెట్టడానికి మాత్రం చచ్చేంత భయపడేదాన్ని. దాని బదులు రోజుకో సూర్యోదయం, మీద ఓ బైబిల్ వాక్యం.

లైకులు బ్రహ్మాండంగా వచ్చాయి. చేరేవాళ్లే లేరు. "సిస్టర్, నా హెచ్‌వన్‌బీ స్టాంపింగ్ కోసం ప్రార్థించండి" అని మాత్రం రాసేవారు. ప్రార్థించాను కూడా. వాళ్లకు వీసాలొచ్చాయేమో గాని నాకు బ్యాచ్ రాలేదు. ఈసారీ నిండకపోతే గది ఖాళీ చేసి మళ్లీ ఎవరి కిందో ఉద్యోగం వెతుక్కోవాలి.

పోనీ మొహం చూపిద్దామంటే, మా యూసుఫ్‌గూడ సంఘంలో పాస్టరుగారి భార్య వజ్రమ్మగారున్నారు.

"ఆడదానికి అణకువ, తగ్గింపు ఉండాలమ్మా, నిరీక్షణా. ఆన్‌లైన్లో ఊరందరికీ మొహం చూపించుకోవడం ప్రదర్శన కాకపోతే ఏంటి?" అనేవారు.

ఆవిడ ఆ మాట అనేది భర్త పాస్టరయ్యగారి నిలువెత్తు ఫ్లెక్సీ కింద నిలబడి. దాని మూలన సిలువ కూడా ఉంది, వెతికితే కనిపిస్తుంది. అయ్యగారిది పరిచర్య, నాది ప్రదర్శన.

ఓ శనివారం అనుపమ అనే స్టూడెంట్ కెమెరా ముందు బిగుసుకుపోయింది. సోమవారమే ఆమె ఇంటర్వ్యూ.

"భయమెందుకమ్మా?" అన్నాను తేలిగ్గా.

"గట్లయితే మీరే కూసోండి మేడం. నేను అడుగుత. రికార్డు చేసి పేజీల పెడ్దాం. గా పేజీ చూసి నేను సుత చర్చి అనుకున్న."

క్లాసంతా నవ్వింది. తప్పించుకుంటే పరువు దక్కదని కూర్చున్నాను.

"మీ గురించి చెప్పుండ్రి మేడం."

ఎంతోమందికి ఆ జవాబు నేనే రాసిచ్చి బట్టీ పట్టించాను. నాది నాకు లేదు. "నా పేరు నిరీక్షణ. నాకు చాలా భయంగా ఉంది" అని ఏడ్చేశాను. ఆ తర్వాత మెల్లగా మాటలొచ్చాయి. నా తర్వాత కూర్చున్న అనుపమకూ వచ్చాయి.

"ఏడ్చింది తీసెయ్యాల్నా మేడం?"

"ఉంచు" అన్నాను.

వీడియో పేజీలో పెట్టగానే ఇక ఫోన్లే ఫోన్లు. నా అనుభవం, సర్టిఫికెట్లు ఎవరికీ పట్టలేదు. "గా ఏడ్చిన మేడం మీరేనా? మాకు సుత గట్లనే అయితది. సీట్లున్నయా?" అని అడిగారు. బ్యాచ్ నిండింది.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన కాగానే వజ్రమ్మగారు అందరి ముందూ ఆపారు.

"మొత్తానికి మొహం చూపించావన్నమాట. సిగ్గనిపించలేదూ?"

"అనిపించిందండీ. వీడియోలో ఏడ్చింది చూడలేదా?"

ఆవిడ నన్ను గోడవారకి లాక్కెళ్లారు. కడిగేస్తారనుకున్నాను.

"చూశానమ్మా. నన్ను కూడా ఒక్కసారి అలా కూర్చోబెట్టి అడుగుతావా? ఎవరికీ చూపించొద్దులే. నా గురించి చెప్పమని నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు."

నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదు.

"రేపు పదింటికి రండి అమ్మగారూ" అన్నాను.