దుకాణం అడిగిన పేరు

ఆ దుకాణం నోట్లో మన్ను పడ! ఊళ్ళో దుకాణమైతే వాకిట్లో నిలబడి నాలుగూ దులిపేసి రావచ్చు. ఇది టీవీలో ఉండే దుకాణమాయె. తిట్టినా ఒకటే, దండం పెట్టినా ఒకటే.

ఆ శరదృతువంతా బురుల్చా దాన్నే తిడుతూ గడిపింది. టీవీకి తగిలించిన ఆటల పెట్టె ముందు చతికిలబడటం, జాయ్‌స్టిక్ నొక్కీ నొక్కీ వెతకడం, కావలసింది దొరక్క కళ్ళు తుడుచుకోవడం. ఆవిడకి కావలసింది ఒకే ఒక్క ఆట. గొర్రెల ఆట. ఒకరు గుర్రమెక్కి మందని తోలాలి, ఇంకొకరు కుక్కయి వెంట పరుగెత్తాలి, మంద కనుమ దాటేలోపు తోడేలు వస్తుంది. అంతే ఆట. ఆ బొమ్మలు చూస్తే ఎవరో పిల్లాడు సుద్దముక్కతో గీసినట్టుంటాయి.

నలభై ఏళ్ళు వచ్చిన ఇల్లాలికి గొర్రెల ఆట మీద ఇంత పిచ్చేమిటని అనుకునేరు. పిచ్చి ఆటమీద కాదు. మామగారి మీద.

మామగారు తెమిర్‌కుల్ ఒకప్పుడు ఈ సరస్సు ఒడ్డు ఊళ్ళోనే, కరకోల్ బజారులో, ఆటల గది నడిపాడు. సోవియట్ రాజ్యం కూలి, ఫ్యాక్టరీలు మూతపడి, రేపు పొయ్యిలో పిల్లి లేస్తుందో లేదో తెలియని రోజులవి. ఈయన మాత్రం జనం అమ్ముకుంటున్న పాత టీవీలు పోగేసి, చైనా నుంచి వచ్చే పసుపు పచ్చ ఆటల క్యాసెట్లు కొని, ఊళ్ళో పిల్లలందర్నీ ఆడించాడు. ఆ క్యాసెట్లలో మొదటిది ఈ గొర్రెల ఆటే. కొడుకులిద్దరి పెళ్ళిళ్ళూ ఆ గదే చేసింది. మహా నోరుగల మనిషి. ఆయన కేక వేస్తే సందు చివర గాడిద కూడా ఆగేదట.

అలాంటి మనిషికి మతి జారిపోతోంది. పొద్దున బురుల్చాని చూసి "డాక్టరమ్మా" అంటాడు. మధ్యాహ్నానికి ఎప్పుడో పోయిన చెల్లెలి పేరుతో పిలుస్తాడు. ఎవరో ఏమిటో తెలియనివాళ్ళు పెడితే అన్నం ముట్టడు. చెయ్యి పట్టుకోనివ్వడు, కోటు తగిలించుకుని వీధిలోకి నడుస్తాడు. కానీ టీవీలో ఆ గొర్రెలు కనపడ్డాయా, ఇక చూడండి. వెన్ను నిటారుగా లేస్తుంది, కళ్ళు వెలుగుతాయి. "కుక్కని ఎడమకి తిప్పు కోడలు పిల్లా! ఎడమకీ! అదేనా ఎడమ? నిన్ను మా వాడి మెడకి ఎవరు కట్టారే!" అంటాడు.

ఆ తిట్టు కోసం బురుల్చా రోజంతా కాచుకుని ఉండేది. ఆ తిట్టు పడ్డాక ఆ పూటకి ఆయన ఆయనే. సూప్ తాగుతాడు, రొట్టె తింటాడు, మందు వేసుకుంటాడు, "పడుకో మామయ్యా" అంటే పడుకుంటాడు. మొగుడు ఎర్మెక్ కొండ మీద గనిలో పని. పైకెక్కితే వంతు తీరేదాకా దిగడు, ఫోను పలకదు. వెళ్ళేముందు ఒకటే మాటన్నాడు. "నాన్న నన్ను మర్చిపోయినా ఫర్వాలేదే. నిన్ను మర్చిపోకుండా చూడు. నువ్వూ తెలియకుండా పోతే ఇక ఆయన్ని పట్టుకునేవాళ్ళు లేరు."

సరే, దుకాణం సంగతి.

మొదట్లో పాత ఆటలకి అక్కడ ముందువరసలోనే చోటుండేది. ఒకరోజు తెరిస్తే ఆ వరస లేదు. వెతగ్గా వెతగ్గా ఎక్కడో అడుగున, బట్టల కొట్లో చిరుగుల కుప్పలా పడేసి ఉన్నాయి. ఇంకోరోజు పేరు కొట్టి వెతికితే అదే పేరుతో కొత్త ఆట వచ్చింది. గొర్రెలకి ఊలు మెరుస్తోంది, తోడేలు పళ్ళు నిజం పళ్ళలా ఉన్నాయి. దాన్ని చూసి ముసలాయన జాయ్‌స్టిక్ కింద పెట్టేసి, "ఇది మన తోడేలు కాదు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

అదృష్టం బాగుండి, ముందెప్పుడో కొన్న పాత ఆట పెట్టెలోనే ఓ మూల దొరికింది, దాంతోనే నెట్టుకొచ్చింది. ఆఖరికి దానికీ ఎసరొచ్చింది. దుకాణం చేతులు మారింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, వచ్చినవాళ్ళు అన్నీ తిరగేశారు. పాత ఆటలు కొన్నవాళ్ళు తామేనని ఫలానా సాయంత్రంలోగా రుజువు చెయ్యాలట, లేకపోతే ఆ ఆటలు ఇక తెరుచుకోవట. ఆ కబురు దుకాణం ఎప్పుడు పంపిందో, ఏ మూల పెట్టిందో బురుల్చా చూడనేలేదు. చూసేసరికి ఆ సాయంత్రం ఇవాళే.

బయట సరస్సు మీంచి లేచిన మంచు సందులోకి దిగుతోంది. కుక్కలు ఎందుకో మొరగడం మానేశాయి. మామగారు పక్కగదిలో కునుకు తీస్తున్నాడు. బురుల్చా గబగబా తోడికోడలు కెంజెగుల్‌ని కేకేసింది. కెంజెగుల్ పెద్దకోడలు, రెండిళ్ళ అవతల కాపురం. నోట్లో నువ్వుగింజ నానదు గానీ కష్టానికి నిలబడే మనిషి.

"ఏమంటుందే నీ దెయ్యం?" అంటూ వచ్చి కూర్చుంది.

దుకాణం ఇప్పుడు రాతకోతలు తీసుకోవడం లేదు, మాట్లాడుతుంది. రష్యన్‌లో, ఆడగొంతుతో, తేనె పూసినట్టు. "ఖాతాదారు పేరు చెప్పండి," అంది.

"బోలోత్‌కుల్," అంది బురుల్చా.

"కార్డు మీది పేరుతో సరిపోలేదు. ఖాతాదారు పేరు చెప్పండి."

ఇక్కడుంది అసలు చిక్కు. పెట్టె కొన్ననాడు డబ్బు కట్టింది మామగారి పెన్షన్ కార్డుతో. ఖాతా తెరిచింది, గొంతు గుర్తు ఇచ్చింది బురుల్చా. పేరు రాయమన్న చోట ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మొగుడి తరఫు పెద్దల పేరు కోడలు పలకదు, రాయదు. ఆ ఊళ్ళో అది పుట్టుకతో వచ్చిన మర్యాద. తెమిర్ అంటే ఇనుము. అందుకని ఆ ఇంటి కోడళ్ళు కాపురానికొచ్చిన నాటినుంచి ఇనుమన్న మాటే నోట రానివ్వలేదు. ఓసారి కెంజెగుల్ ఇనుప కడ్డీ కోసం కొట్టుకెళ్ళి, "అన్నా, ఆ గట్టిది, నల్లది, తుప్పు పట్టేది ఇవ్వు," అంటే కొట్టువాడు పొట్ట పట్టుకు నవ్వాడు. అలాంటి కోడలు మామగారి పేరు రాయాల్సొస్తే ఏం చేస్తుంది? ఇనుముకి బదులు ఉక్కు పెట్టి బోలోత్‌కుల్ అని రాసింది. అప్పుడు దుకాణం కిమ్మనలేదు. ఇప్పుడు పట్టుకుంది.

"మా మామగారండీ," అంది బురుల్చా బతిమాలుతూ.

"మామగారు అన్న పేరుతో ఖాతా లేదు."

"చూశావా దీని పొగరు!" అంది కెంజెగుల్. "పెళ్ళీ పెటాకులూ లేని ముండ, దానికేం తెలుస్తుంది మామగారంటే!"

"నువ్వు చెప్పక్కా పేరు."

"నేనా? నేనేం గాల్లోంచి ఊడిపడ్డానా? నేనూ ఆ ఇంటి కోడల్నే!"

ఇద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. అంత కష్టంలోనూ కెంజెగుల్‌కి నవ్వాగలేదు. పరుగెత్తుకెళ్ళి పక్కింటి ముసలాయన్ని పట్టుకొచ్చింది. పేరు పలకడానికి ఆయనకేం అడ్డు? కోటు కూడా విప్పకుండా గదిలోకొచ్చి గొణిగినట్టు ఆ పేరు చెప్పాడు.

"ఇది ఖాతా తెరిచిన గొంతు కాదు," అంది దుకాణం. "ఖాతా తెరిచినవారే చెప్పాలి. ఇంకోసారి పొరపాటైతే ఖాతా మూసివేస్తాం."

పక్కింటాయన తల ఆడించి వెళ్ళిపోయాడు. తెర మీద వెలుగు ఒక్కటే అదురుతోంది, ఊపిరి తీస్తున్నట్టు.

"పోనీవే," అంది కెంజెగుల్ నెమ్మదిగా. ఆవిడ గొంతులో వెటకారం ఎక్కడికో పోయింది. "ఆట పోతే పోయింది. పెద్దల పేరు నోట పలికిన ఇంట్లోంచి ఏదో ఒకటి బయటికి పోతుందనేది మా అమ్మ."

"ఆట పోతే ఆయనే పోతాడక్కా. రేపు పొద్దున నేనెవరో తెలియదు. నా చేత్తో తినడు. కోటేసుకుని సరస్సు వైపు నడుస్తాడు. ఎర్మెక్ వచ్చేసరికి నేనేం చూపించాలి?"

కెంజెగుల్ లేచి తలగుడ్డ చెవుల మీదికి లాక్కుంది. "నీ ఇష్టం. నేను మాత్రం వినలేను తల్లీ," అని తలుపు దాటి మంచులోకి వెళ్ళిపోయింది.

బురుల్చా ఒక్కతే మిగిలింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి పొరపాట్న ఆ పేరులో సగం నోటిదాకా వస్తే, మామగారే నవ్వి, "మింగెయ్ కోడలు పిల్లా, మింగెయ్" అన్నాడు. ఇన్నేళ్ళూ మింగుతూనే ఉంది. ఇప్పుడు పక్కగది తలుపు వైపు ఓసారి చూసి నోరు తెరిచింది.

"తెమిర్‌కుల్," అంది.

"వినపడలేదు. గట్టిగా చెప్పండి."

"తెమిర్‌కుల్!"

తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ఇల్లంతా మోగింది. మరుక్షణం పక్కగదిలోంచి ఓ జవాబొచ్చింది. ముసలి గొంతు కాదది. చురుగ్గా, చిన్నపిల్లవాడు అరుగు దూకి వస్తున్నట్టుంది.

"ఆఁ! వస్తున్నా అన్నయ్యా!"

ఆ పేరుతో ఆయన్ని పిలిచే అన్న మట్టిలో కలిసి చాలా కాలమైంది.

"ధన్యవాదాలు," అంది దుకాణం తియ్యగా. "మిమ్మల్ని గుర్తించాం."

తెర వెలిగింది. గొర్రెల మంద, కనుమ, సుద్దముక్క గీతల తోడేలు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అదే సమయానికి తెమిర్‌కుల్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కోటు ఒక చేతికే తొడిగి ఉంది. గది నలుమూలలా చూశాడు. అన్న కనపడలేదు. కళ్ళు బురుల్చా మీద ఆగాయి.

"ఎవరు పిలిచింది?"

"నేనే మామయ్యా. ఏం లేదు, ఈ పెట్టె అడిగితే... రండి, కూర్చోండి. ఆట వచ్చేసింది."

"మీరా పిలిచింది?" అన్నాడు. గొంతులో కోపం లేదు, పొరుగూరి మనిషితో మాట్లాడే మన్నన ఉంది. "నా పేరు మీకెవరు చెప్పారమ్మా?"

"మామయ్యా, నేను బురుల్చాని. మీ కోడల్ని."

తెమిర్‌కుల్ నవ్వాడు. తెలియనివాళ్ళు తెలివితక్కువ మాట అంటే నొప్పించకుండా నవ్వే నవ్వు. "మా కోడలా? ఎంత మాట! మా కోడలు ప్రాణం పోయినా నా పేరు పలకదు తల్లీ. ఇనుముని ఇనుమనదు, గట్టిదంటుంది. అలాంటి పిల్ల మాది."

బురుల్చాకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే ఇంకా పరాయిదైపోతానేమోనని పళ్ళబిగువున ఆపుకుంది. ఆయన్ని పరుపు మీద కూర్చోబెట్టబోతే చెయ్యి పట్టుకోనివ్వలేదు, తానే కూర్చున్నాడు. గొర్రెల్ని చూడగానే ఆయన కళ్ళు వెలిగాయి, వెన్ను నిటారుగా లేచింది. జాయ్‌స్టిక్ అందుకున్నాడు. అమ్మయ్య అనుకుని ఆవిడ రెండోది తీసుకుంది. ఆయన మెల్లగా, మర్యాదగా దాన్ని ఆవిడ చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు.

"అది మా కోడలిదండీ. కుక్కని అదే తోలాలి, ఇంకొకరికి రాదు. పాలకో దేనికో వెళ్ళుంటుంది, వచ్చేస్తుంది."

బురుల్చా లేచింది. వాకిట్లోకి వెళ్ళి తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది, మొహం చన్నీళ్ళతో కడుక్కుంది. ఖాళీ పాలచెంబు చేత్తో పట్టుకుంది. పెళ్ళయి వచ్చిననాడు చేసినట్టు గుమ్మంలో నిలబడి మూడుసార్లు వంగి దండం పెట్టింది. "మామయ్యా, వచ్చేశాను," అంది.

ఆయన తలెత్తి చూశాడు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండని మనిషి. ఆ పిలుపు సంగతీ మర్చిపోయి ఉంటాడని బురుల్చా ఆశపడింది.

"మీరు ఇందాక నా పేరు పెట్టి పిలిచినావిడే కదమ్మా," అన్నాడు. "ఎందుకలా నిలబడ్డారు? మంచు పడుతోంది, లోపలికి రండి. మా కోడలొచ్చాక టీ పెడుతుంది, తాగి వెళ్దురుగాని."

ఆవిడ చెంబు కింద పెట్టి, వచ్చి, ఆయనకి కాస్త దూరంగా కూర్చుంది. తెర మీద గుర్రం కనుమ దగ్గరే ఆగి ఉంది, కుక్క కదలడం లేదు. పొద్దుగూకేదాకా వాళ్ళిద్దరూ అక్కడే కూర్చుని కోడలి కోసం ఎదురుచూశారు.