తాళం వేసిన వేగం

సిరిసిల్లలో తంగళ్ళపల్లి రోడ్డు మీద ఉన్న నూలు కంపెనీ ఆఫీసులో, కంప్యూటర్ గది గుమ్మానికి ఒక ఇనుప గంట వేలాడేది. బళ్ళో కొట్టే గంట లాంటిదే. దాన్ని కట్టినవాడు కంప్యూటర్ చూసుకునే ఫిరోజ్.

ఆ గదిలోని కంప్యూటర్ పెట్టె పెద్దదే. కానీ దాని శక్తిలో ఐదో వంతుకే ఓనరు డబ్బు కట్టాడు. మిగతా నాలుగు వంతులూ అదే పెట్టెలో ఉన్నాయి, అమ్మినవాళ్ళు వాటికి తాళం వేసి పంపారు. తాళం తీయాలంటే పదకొండు లక్షలు. "గా పైసలకు ఇంకో లారీ అస్తది" అని ఓనరు ఆ ధర కాగితాన్ని అవతల పడేశాడు. ఫలితం, ఆరుగురు గుమాస్తాలు ఒకేసారి స్క్రీన్ల ముందు కూర్చుంటే అన్నీ నత్తనడకే. గేటు పాస్ లేనిదే లారీ కదలదు, ఆ పాస్ రావడానికి ముప్పావు గంట. అందుకే ఫిరోజ్ గంట కొట్టేవాడు. మోగగానే ఆరుగురూ స్క్రీన్లు మూసి లేచి నిలబడేవారు, పాస్ నిమిషంలో వచ్చేది. "ఫిరోజ్ భాయ్ బడి ఇడిచిపెట్టిండు" అని నవ్వుకుంటూ చాయ్ తాగేవారు.

ఆ డిసెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ అంతా ఉడికిపోతోంది. ఒకరోజు తొమ్మిదింటికి డ్రైవర్ హన్మండ్లు కిటికీలోంచి తల పెట్టాడు. మేడిపల్లి మనిషి, వాళ్ళ ఇంట్లో తాటిచెట్టు దిగి స్టీరింగ్ పట్టిన మొదటివాడు. కోరుట్ల నుంచి ఫిరోజ్ తల్లి తాహెరాబీ పంపే టిఫిన్ డబ్బాను ఏళ్ళ తరబడి మోసుకొస్తున్నదీ ఆయనే.

"కొడుకా, ఇయ్యాల బంద్ గదా, పదింటికి గీ రోడ్డు మీదికెల్లే ఊరేగింపట. గంతల్నే నేను వేములవాడ దాటాలె. జర జల్ది పాస్ తియ్యి."

"తీస్తున్న కాకా. లోపల ఆరుగురు కూసున్నరు, మిషన్ కదుల్తలేదు."

"మరి గంట కొట్టరాదు?"

ఫిరోజ్ గంట కొట్టే చువ్వ అందుకున్నాడు. మేనేజర్ బాలకిషన్ వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇయ్యాల గంట ముట్టినవంటే నౌకరి ఊడుతది. స్టాక్ రిపోర్టు కోసం హెడ్డాఫీసోళ్ళు ఫోన్ల ఉన్నరు. లారీ జరసేపు ఆగితె ఏమైతది?"

ఫిరోజ్ చువ్వ కింద పెట్టాడు. భయపడ్డాడు, అంతే. దానికి వేరే పేరు లేదు.

పాస్ పది గంటలకు ఐదు నిమిషాల ముందు వచ్చింది. "నూలు లేక కోరుట్లల మగ్గాలు ఆగినయి, నడువు" అని బాలకిషన్ తరిమాడు. హన్మండ్లు ఖాళీ టిఫిన్ డబ్బా క్యాబిన్‌లో పెట్టుకుని గేటు దాటాడు.

రెండు వందల గజాలు కూడా పోలేదు. ఎదురుగా ఊరేగింపు, దాని మీద పోలీసుల లాఠీలు. తలలు పగిలినవాళ్ళు, బాష్పవాయువుకు కళ్ళు మండుతున్నవాళ్ళు వెనక్కి ఉరుకుతుంటే మధ్యలో కంపెనీ లారీ అడ్డంగా దొరికింది. బంద్ రోజున బండి తీస్తారా అంటూ రాళ్ళు లేచాయి. అద్దం పగిలి హన్మండ్లు కన్ను చీలింది. "జై తెలంగాణ! నేను మనోన్నే!" అని ఆయన అరిచిన అరుపు ఎవరికీ వినబడలేదు. ముఖానికి రుమాలు కట్టుకున్నవాడెవడో మండే సీసా విసిరాడు. నూలు భగ్గుమంది.

ఆఫీసు గేటు నుంచి మంట చూసి ఫిరోజ్ ఉరికాడు. తలుపు ఇరుక్కుపోయింది. అరచేతులు కాలుతున్నా పగిలిన అద్దంలోంచి చేతులు పెట్టి, చంకల కింద పట్టి లాగాడు. ఆయన వీపు చర్మం సీటుకే అంటుకుపోయింది. రోడ్డు మీదికి ఈడుస్తుంటే ఫిరోజ్ భుజం మీద లాఠీ దెబ్బ పడి ఎముక విరిగింది. అయినా వదల్లేదు.

మూడో రోజు కరీంనగర్ ఆసుపత్రిలో హన్మండ్లు పోయాడు.

రెండు నెలలకు, లారీ బీమా డబ్బు చేతికి రాగానే, ఓనరు పదకొండు లక్షలూ కట్టేశాడు. హైదరాబాద్ నుంచి ఇంజినీర్ ఉత్త చేతులతో వచ్చాడు.

"సామాను ఏం తేలేదా?" అని ఫిరోజ్ అడిగాడు.

"సామానెందుకండీ? మొదటి నుంచీ అన్నీ దాంట్లోనే ఉన్నాయి. కోడ్ కొడితే చాలు."

కాగితం చూసి ఏవో అంకెలూ అక్షరాలూ కొట్టాడు. రెండు నిమిషాల పని. ఆరుగురూ స్క్రీన్ల ముందు ఉండగానే గేటు పాస్ అలా వచ్చి పడింది.

"ఇగ గా గంట ఎందుకు? పీకెయ్యి" అన్నాడు బాలకిషన్.

ఫిరోజ్ చువ్వ తీసుకున్నాడు. గంటను పీకలేదు, కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. కాలిన అరచేతి మీద లేత చర్మం చిట్లింది, నెత్తురు చువ్వ మీదుగా మోచేతికి కారింది. బాలకిషన్ చెయ్యి పట్టబోతే ఒక్క తోపు తోశాడు, ఆయన వెళ్ళి గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. ఫిరోజ్ కొడుతూనే ఉన్నాడు.

అలవాటు చొప్పున ఆరుగురూ స్క్రీన్లు మూసి లేచి నిలబడ్డారు. ఆ రోజు కొట్టినా ఇలాగే లేచేవాళ్ళు.

"ఏమైంది ఫిరోజ్ భాయ్? పాస్ అచ్చింది గద?" అంది గుమాస్తా రజని.

"కూసోకుండ్రి," అన్నాడు ఫిరోజ్, "కాక వేములవాడ దాటాలె."