ఉక్కపోతకు సిగ్గుపడ్డవాళ్లు

ఎండలు ముదరకముందే ఆ కుట్టుమిషన్ల హాల్లో గాలి ఆడటం మానేసింది. కిటికీలకు అట్టలు కొట్టేశారు. తెల్లచొక్కాల మీద దుమ్ము పడకూడదట. మనుషుల మీద ఏం పడినా ఫర్వాలేదు కాబోలు. గోడకి మాత్రం కొత్త టీవీ పెట్టారు, అందులో పొద్దస్తమానం యుద్ధమే.

ఏటా వేసవి మొదలవగానే అక్కడ ఒక పద్ధతి ఉండేది. తెల్లవారుజామున మిషన్ల ముందు కూర్చుని, ఎండ నడినెత్తికి రాకముందే లేచి ఇళ్లకు పోయేవారు. ఈసారి యజమాని ఆ పద్ధతి ఎత్తేశాడు. అడగబోయినవాళ్లకి టీవీ చూపించాడు.

"అటు చూడండి. అక్కడ జనం నిలువ నీడ లేక అల్లాడుతున్నారు. మీకేమో నెత్తిన కప్పుంది, చేతిలో పనుంది. చల్లగాలి కూడా కావాలా?"

ఆ మాట ఎంత బాగా పనిచేసిందో చెప్పలేను. అందరూ తలలు దించేసుకున్నారు. మీరూ నేనూ అక్కడుంటే మనమూ దించేవాళ్లమే. అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడైతే మరీను. పోట్లాటలో ఆవిడకి ఎదురు లేదు గానీ, తెరమీద యుద్ధంలో చిక్కుకున్న పిల్లల్ని చూస్తే గుండె నీరైపోతుంది. పక్క మిషన్ మీద కుట్టేది ఆవిడ చెల్లెలి కూతురే, నిండు కడుపుతో ఉంది. "పెద్దమ్మా, ఊపిరాడట్లేదు" అని ఆ పిల్ల అంటే గదమాయించింది కూడా.

"ఊరుకోవే. వాళ్ల కష్టం ముందు మనదీ ఒక కష్టమేనా?"

ఆ పిల్ల మరి నోరెత్తలేదు. మధ్యాహ్నం కాలరు కుడుతూ కుడుతూ మిషన్ మీదికి ఒరిగిపోయింది.

పెద్దక్క ఒళ్లో పడుకోబెట్టుకుని ముఖం మీద నీళ్లు చల్లింది. "కళ్లు తిరుగుతున్నాయని చెప్పొచ్చు కదే తల్లీ" అంది.

"నువ్వే కదా పెద్దమ్మా, మనదీ ఒక కష్టమేనా అన్నావు" అంది ఆ పిల్ల నీరసంగా.

లోపల బిడ్డ కదలడం చేతికి తెలిసేదాకా పెద్దక్క ఊపిరి పీల్చుకోలేదు. ఆ తర్వాత ఒళ్లు మండింది, ముందు తన మీద, తర్వాత ఆ టీవీ చూపించిన మనిషి మీద. లేచి వెళ్లి కిటికీల అట్టలు ఒక్కొక్కటే పీకి పారేసింది. మిగతావాళ్లు కూడా మిషన్లు ఆపి లేచి నిలబడ్డారు.

యజమాని పరుగెత్తుకొచ్చాడు. "మతి పోయిందా మీకు? అవతల ప్రపంచం తగలబడిపోతుంటే..."

"ప్రపంచం అంటే ఎవరండీ? ఈ పిల్ల అందులో లేదా?" అని అడిగింది పెద్దక్క, గొంతు పెంచకుండానే. "వాళ్ల కోసం మేం ఏడుస్తాం. ఏడవకుండా ఉండలేం. కానీ వాళ్లని అడ్డం పెట్టుకుని మా నోరు నొక్కడానికి మీరెవరు? రేపట్నుంచి తెల్లవారుజామునే వస్తాం, ఎండెక్కేలోగా పోతాం. కుదరదంటారా, ఈ మిషన్లు మీరే తొక్కుకోండి."

ఆయన అందరి ముఖాలూ చూశాడు. బడులు తెరిచేలోగా కుట్టాల్సిన చొక్కాలు గుట్టలుగా ఉన్నాయి. ఒక్కరూ కూర్చోలేదు. "సరే, మీ ఇష్టం" అని గొణిగి లోపలికి పోయాడు.

పెద్దక్క ఆ పిల్ల పక్కన కూర్చుని జుట్టు సవరించింది.

"ఇదిగో, చెవిన పెట్టుకో. నీ కష్టాన్ని ఇంకొకళ్ల కష్టంతో తూచి నోరు మూసుకోమని ఎవరు చెప్పినా వినకు. నేను చెప్పినా వినకు."